జావియాయీ రఫ్తార్: బత్లమ్యూస్ నుంచి బేగంపేట దాకా ఒక హిసాబ్



రమ్జాన్ రాగానే ప్రతి మసీదు గోడ మీదా, ప్రతి కిరాణా దుకాణం కౌంటర్ దగ్గరా సహరీ-ఇఫ్తార్ టైంటేబుల్ కనిపిస్తుంది. కింద చిన్న అక్షరాల్లో ఒక లైను కూడా ఉంటుంది. ఫలానా ఊరికి ఇన్ని నిమిషాలు కలుపుకోండి, ఫలానా ఊరికి ఇన్ని నిమిషాలు తగ్గించుకోండి అని. మనం ఆ నిమిషాలు చూసుకుని ఖజూర్ చేతిలో పట్టుకుని కూర్చుంటాం. అవి ఎక్కడి నుంచి వచ్చాయని అడగం. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో పిల్లలు భయపడే ఒక పాఠంలోనే వాటి జవాబు ఉంది. వృత్తాకార చలనం, కోణీయ వేగం అనే పాఠం అది.

మా పెద్దమ్మాయి ఎంపీసీ చదువుతోంది. ఆ లెక్కలు చేస్తూ ఒకరోజు అడిగింది: "అబ్బా, ఈ పుస్తకంలో న్యూటన్ ఉన్నాడు, కెప్లర్ ఉన్నాడు. మనవాళ్లెవరూ లేరా?" అదే వారం ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. కోపర్నికస్ చెప్పిందంతా ముసల్మాన్ల దగ్గర చోరీ చేసిందే అని. ఒకవైపు మనం ఏమీ చేయలేదన్న చిన్నతనం. ఇంకోవైపు అన్నీ మనమే చేశామన్న గొప్పలు. రెండూ పిల్లలకు నష్టమే. తారీఖ్ అంటే అమానత్. ఉన్నది ఉన్నట్టు అప్పగించాలి. అందుకే ఈ మజ్మూన్.

ముందు హిసాబ్

నేను స్కూల్లో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. కాబట్టి ఈ మాట నాకు రెండు బట్టల్లో తెలుసు. ఉర్దూలో జావియాయీ రఫ్తార్. తెలుగులో కోణీయ వేగం. జావియా అంటే కోణం. ఒక సెకనులో ఎంత దూరం పోయిందన్నది మామూలు రఫ్తార్. ఒక సెకనులో ఎంత కోణం తిరిగిందన్నది జావియాయీ రఫ్తార్. పుస్తకాల్లో దాన్ని ఒమేగా అనే గ్రీకు అక్షరంతో రాస్తారు.

తల ఎత్తి సీలింగ్ ఫ్యాన్ చూడండి. నిమిషానికి 300 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు 5 చుట్లు. ఒక పూర్తి చుట్టు 360 డిగ్రీలు. ఫిజిక్స్‌లో డిగ్రీలకు బదులు రేడియన్ వాడతారు. దాయిరా అంచు మీద నిస్ఫ్ కుతర్ అంత పొడవు, అంటే వ్యాసార్థం అంత పొడవు కొలిచి, ఆ ముక్క మర్కజ్ దగ్గర చేసే కోణమే ఒక రేడియన్. అది 57.3 డిగ్రీలు. పూర్తి చుట్టుకు 6.28 రేడియన్లు. కాబట్టి ఫ్యాన్ జావియాయీ రఫ్తార్ 5 × 6.28, అంటే సెకనుకు 31.4 రేడియన్లు.

ఇప్పుడు రెక్క చివర 60 సెంటీమీటర్ల దూరంలో ఒక చీమ, లోపల 20 సెంటీమీటర్ల దగ్గర ఇంకో చీమ ఉన్నాయనుకోండి. రెండూ తిరిగే కోణం ఒక్కటే. కానీ పోయే దూరం వేరు. బయటి చీమ వేగం 31.4 × 0.6, అంటే సెకనుకు దాదాపు 18.8 మీటర్లు. లోపలి చీమది 6.3 మీటర్లు. కోణీయ వేగాన్ని వ్యాసార్థంతో గుణిస్తే మామూలు వేగం వస్తుంది. పాఠంలో సగం లెక్కలు ఈ ఒక్క మాటతో అయిపోతాయి.

మన జమీన్ కూడా అదే ఫ్యాన్. నక్షత్రాలతో పోల్చి చూస్తే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు, అంటే 86,164 సెకన్లు. 6.2832ను దానితో భాగిస్తే సెకనుకు 0.0000729 రేడియన్లు. హైదరాబాద్‌కైనా, మక్కాకైనా, లండన్‌కైనా ఇదే సంఖ్య. కానీ భూమధ్యరేఖకు దూరమైన కొద్దీ తిరిగే దాయిరా చిన్నదవుతుంది. అందుకని హైదరాబాద్ సెకనుకు సుమారు 444 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. ఇంకాస్త ఉత్తరంగా ఉన్న మక్కా ముకర్రమా సుమారు 433 మీటర్లతో పోతోంది.

టైంటేబుల్ నిమిషాలకు వద్దాం. సూరజ్‌తో పోలిస్తే భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు, అంటే గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. విజయవాడ, హైదరాబాద్‌ల రేఖాంశాల మధ్య తేడా 2 డిగ్రీల పైచిలుకు. కాబట్టి విజయవాడలో జవాల్ అయిన 9 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో కాదు. హైదరాబాద్, మక్కాల మధ్య తేడా సుమారు 38.6 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 154 నిమిషాలు. మగ్రిబ్ విషయంలో అక్షాంశం, రుతువు కూడా కలుస్తాయి గనక తేడా కొంచెం అటూ ఇటూ అవుతుంది. జవాల్‌కు మాత్రం ఈ గుణకారం చాలు.

గానుగ ఎద్దు, పక్కన నిలబడ్డ మనిషి

ఇప్పుడు కథ. సుమారు 150వ సంవత్సరం నాటి అలెగ్జాండ్రియాలో బత్లమ్యూస్ ఉన్నాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన్నే టాలెమీ అంటారు. ఆయన గ్రీకు కితాబ్ మన దగ్గర అల్-మజిస్తీ అనే పేరుతో నిలిచింది. ఆస్మాన్‌లో అన్నీ దాయిరాల్లోనే తిరుగుతాయని, ఒకే రఫ్తార్‌తో తిరుగుతాయని ఆ కాలపు నమ్మకం. కానీ కంటికి కనిపించేది వేరు. గ్రహాలు ఒకచోట తొందరగా పోతాయి, ఒకచోట నెమ్మదిస్తాయి, కొన్నాళ్లు వెనక్కి కూడా నడుస్తాయి.

దీన్ని సరిచేయడానికి బత్లమ్యూస్ ఒక ఏర్పాటు చేశాడు. పెద్ద దాయిరా మీద ఒక చిన్న దాయిరా. చిన్నదాని మీద గ్రహం. అంతవరకూ ఎవరికీ ఎతరాజ్ లేదు. చిన్న దాయిరా మర్కజ్ పెద్ద దాయిరా మీద తిరిగేటప్పుడు దాని కోణీయ వేగం సమానంగా ఉంటుందన్నాడు. అయితే ఆ కోణాన్ని పెద్ద దాయిరా మర్కజ్ నుంచి కాక, పక్కన ఇంకో బిందువు నుంచి కొలవాలన్నాడు. దీన్నే ఈక్వెంట్ అంటారు.

గానుగ ఎద్దును గుర్తు చేసుకోండి. మధ్యలో రోలు, చుట్టూ ఎద్దు. రోలు దగ్గర నిలబడి చూస్తే ఎద్దు ఒకే నడకతో నిమిషానికి ఇంత కోణం అని తిరుగుతుంది. ఇప్పుడు మీరు రోలుకు కాస్త పక్కగా నిలబడ్డారు. అక్కడి నుంచి చూసినా నిమిషానికి అంతే కోణం కనిపించాలంటే ఎలా? మీకు దగ్గర వైపు వచ్చినప్పుడు ఎద్దు మెల్లగా నడవాలి. దూరం వైపు పోయినప్పుడు పరుగెత్తాలి. అప్పుడు అది ఒకే రఫ్తార్ ఎలా అవుతుంది? ఎద్దు అయితే పరుగెత్తగలదు. గట్టి గోళం తన ఇరుసు మీద తిరుగుతూ అలా ఎలా చేస్తుంది?

లెక్క మాత్రం ఆకాశంతో బాగా సరిపోయింది. అందుకే సమస్య వందల ఏళ్లు బతికింది. హిసాబ్ సరిగ్గా వస్తోంది, దాని వెనక చెప్పే మాట సరిగ్గా లేదు.

తర్జుమా చేసినవాళ్లు, షక్ చేసినవాడు

అల్-మజిస్తీ 9వ శతాబ్దంలో అరబీలోకి వచ్చింది. ఒక తర్జుమా హజ్జాజ్ ఇబ్న్ మతర్ చేశాడు. ఇంకోటి ఇస్‌హాక్ ఇబ్న్ హునైన్ చేస్తే, దాన్ని సాబిత్ ఇబ్న్ ఖుర్రా దిద్దాడు. ఇస్‌హాక్ ఈసాయి. సాబిత్ హర్రాన్ ఊరి సాబియన్. ఫార్వర్డ్ మెసేజీల్లో అందరినీ 'ముస్లిం సైంటిస్టులు' అని ఒకే గాటన కట్టేస్తారు. అది ఆ మనుషులకు అన్యాయం. మజహబ్ అడగకుండా ఇల్మ్‌కు జీతమిచ్చిన బగ్దాద్ గొప్పతనాన్ని కూడా అది దాచేస్తుంది.

సాబిత్ తర్జుమాతో ఆగలేదు. సూరజ్ ఎక్కడ ఎక్కువ రఫ్తార్‌తో, ఎక్కడ తక్కువ రఫ్తార్‌తో కనిపిస్తుందో ఒక రిసాలా రాశాడు. మనకు బాగా దూరంగా ఉండే చోట కోణీయ వేగం అన్నిటికంటే తక్కువ, బాగా దగ్గరగా ఉండే చోట అన్నిటికంటే ఎక్కువ అని నిరూపించాడు. 'ఇంత దూరానికి ఇంత సమయం' అనే సగటు నుంచి 'ఈ చోట ఎంత రఫ్తార్' అనే ఆలోచన వైపు అది ఒక పెద్ద అడుగు.

తర్వాత బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్-హైసమ్. 965లో పుట్టాడు. వెలుతురు మీద ఆయన రాసిన కితాబ్ పేరు చాలామందికి తెలుసు. దానితో పాటు ఆయన 'అష్-షుకూక్ అలా బత్లమ్యూస్' కూడా రాశాడు. బత్లమ్యూస్ మీద షక్‌లు అని అర్థం. అందులో ఈక్వెంట్‌ను సూటిగా పట్టుకున్నాడు. సమాన చలనం అని ఒప్పుకుని, అసమాన చలనాన్ని వాడుకున్నావని అన్నాడు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఉస్తాద్ అని తల వంచిన మనిషిని అదబ్‌తోనే నిలదీశాడు. బదులు ఏం పెట్టాలన్నది మాత్రం తర్వాతివాళ్లకు వదిలాడు.

మరాగా

ఆ బదులు దొరికిన జమానా చాలా చెడ్డ జమానా. 1258లో హులాగూ ఖాన్ బగ్దాద్‌ను నాశనం చేశాడు. అప్పుడు హులాగూ కొలువులో ఉన్నవాడు నసీరుద్దీన్ తూసీ. 1201లో తూస్‌లో పుట్టి, ఇస్మాయిలీల కోటల్లో ఏళ్ల తరబడి చదువుకుని రాసుకుని, 1256లో అలమూత్ పడిపోయాక మంగోలుల పక్కకు వచ్చిన ఆలిమ్. ఆయన మీద తారీఖ్‌లో నిందలూ ఉన్నాయి, పొగడ్తలూ ఉన్నాయి. 1259లో మాత్రం హులాగూను ఒప్పించి, ఇప్పటి ఇరాన్‌లోని మరాగాలో రసద్‌గాహ్ పని మొదలుపెట్టించాడు. పెద్ద కుతుబ్‌ఖానా పెట్టించాడు. డమాస్కస్ నుంచి ముఅయ్యదుద్దీన్ ఉర్దీ వచ్చి పరికరాలు చేశాడు. షీరాజ్ నుంచి కుత్బుద్దీన్ షీరాజీ వచ్చాడు.

1261లో 'అత్-తజ్కిరా ఫీ ఇల్మ్ అల్-హైఅ' అనే కితాబ్‌లో తూసీ తన ఉపాయం వివరంగా రాశాడు. దీన్ని 'తూసీ జంట' అంటారు. ఇంట్లో పిల్లలతో చేసి చూడండి. అట్టముక్కలో గుండ్రటి రంధ్రం కోయండి. దానికి సరిగ్గా సగం వ్యాసం ఉన్న గుండ్రటి బిళ్ల చేసి, అంచు మీద ఒక చుక్క పెట్టండి. బిళ్లను రంధ్రం లోపలి అంచు వెంట జారకుండా దొర్లించండి. చుక్క గుండ్రంగా తిరగదు. రంధ్రం ఒక కొస నుంచి ఎదుటి కొసకు సూటి గీత మీద పోతుంది, మళ్లీ అదే గీత మీద వెనక్కి వస్తుంది.

కిటుకు అంతా కోణీయ వేగాల్లో ఉంది. పెద్ద దాయిరా ఒక దిక్కుకు ఎంత వేగంతో తిరుగుతుందో, దాని మీద ఎక్కి ఉన్న చిన్న దాయిరా ఎదురు దిక్కుకు సరిగ్గా రెట్టింపు వేగంతో తిరగాలి. పెద్దది 30 డిగ్రీలు తిరిగేలోపు చిన్నది 60 డిగ్రీలు వెనక్కి. రెండూ తమ తమ మర్కజ్ చుట్టూ సమానంగా తిరుగుతున్నాయి. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ నెమ్మదించడం లేదు. అయినా ఆ చుక్క ముందుకూ వెనక్కీ ఊగుతోంది. ఈ ఊపుతో ఈక్వెంట్ చేసే పనిని ఈక్వెంట్ లేకుండానే చేయించాడు.

మరాగా దారిని చివరి దాకా తీసుకెళ్లింది ఇబ్న్ అష్-షాతిర్. 1304లో పుట్టి 1375లో పోయాడు. ఆయన ఉద్యోగం డమాస్కస్ ఉమవీ మసీదులో మువఖ్ఖిత్. అంటే నమాజ్ వేళలు లెక్కకట్టేవాడు. మసీదు మినార్ మీద పెట్టడానికి ఆయన చేసిన ధూప్ ఘడీ పేరుపొందింది. గోడ మీద టైంటేబుల్‌కు లెక్క వేయడం ఆయన నౌకరీ. ఆ నౌకరీలో ఉంటూనే చాంద్‌కూ గ్రహాలకూ ఈక్వెంట్ లేని కొత్త నమూనాలు కట్టాడు.

కోపర్నికస్ మాట

1543లో కోపర్నికస్ కితాబ్ అచ్చయింది. అందులో చాంద్ నమూనా గణితపరంగా ఇబ్న్ అష్-షాతిర్ నమూనాయే. తూసీ జంట కూడా ఉంది. ఈ పోలిక మన కాలపు చరిత్రకారులకు 1950ల్లో ఎడ్వర్డ్ కెనెడీ, విక్టర్ రాబర్ట్స్ చేసిన పనితో స్పష్టంగా తెలిసింది.

మరి చోరీయేనా? కోపర్నికస్ ఈ ఇల్మ్‌ను ఏ కితాబ్‌లో, ఎవరి ద్వారా చూశాడో చూపించే సాక్ష్యం ఇప్పటికీ దొరకలేదు. దారి ఉండే అవకాశం మాత్రం గట్టిగానే ఉంది. 1300 ప్రాంతంలో గ్రెగరీ కియోనియాడిస్ అనే బైజాంటైన్ పండితుడు తబ్రీజ్‌లో చదువుకుని వచ్చి అక్కడి ఇల్మ్‌ను గ్రీకులో పెట్టాడు. తూసీ జంట బొమ్మ ఉన్న ఒక గ్రీకు చేతిరాత ప్రతి వాటికన్ లైబ్రరీలో ఉంది. కోపర్నికస్ ఇటలీలో చదువుకున్నాడు. ఇంతవరకు చెప్పొచ్చు. దీనికి మించి 'చోరీ' అని ఖరారు చేయడం ఇన్సాఫ్ కాదు. ఇంకో మాట. సూరజ్‌ను మధ్యలో పెట్టింది కోపర్నికస్. మరాగా ఉస్తాదులు జమీన్‌ను మధ్యలోనే ఉంచారు. ఆ ఇజ్జత్ ఆయనకు ఇవ్వాల్సిందే.

అసలు మలుపు 1609లో కెప్లర్‌తో వచ్చింది. గ్రహాల దారి దాయిరా కాదు, దీర్ఘవృత్తం అన్నాడు. సూరజ్‌కు దగ్గరైతే కోణీయ వేగం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. నిజంగానే పెరుగుతుంది, నిజంగానే తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, దీర్ఘవృత్తానికి రెండు నాభులుంటాయి. ఒకదాంట్లో సూరజ్. ఖాళీగా ఉన్న రెండో నాభి నుంచి చూస్తే గ్రహం కోణీయ వేగం దాదాపు సమానంగా కనిపిస్తుంది. బత్లమ్యూస్ ఈక్వెంట్ అంత బాగా పనిచేయడానికి కారణం ఇదే. ఆయన లెక్క నిజానికి దగ్గరగా ఉంది. ఇబ్న్ అల్-హైసమ్ ఎతరాజ్ కూడా సరైనదే. దాయిరా, సమాన రఫ్తార్ అనే నియమం ఆకాశానిది కాదు, అది ఇద్దరికీ వారసత్వంగా వచ్చిన షర్తు.

6.28 వెనక మెహనత్

కోణీయ వేగం లెక్క చేసిన ప్రతిసారీ 6.28 వాడతాం. 1424లో సమర్‌కంద్‌లో జంషీద్ అల్-కాషీ 'అర్-రిసాలా అల్-ముహీతియ్యా' రాశాడు. ముహీత్ అంటే చుట్టుకొలత. ముహీత్‌కూ నిస్ఫ్ కుతర్‌కూ ఉన్న నిష్పత్తిని దశాంశంలో 16 స్థానాల దాకా లెక్కకట్టాడు: 6.2831853071795865. దీనికోసం 80,53,06,368 భుజాల బహుభుజిని మనసులో పెట్టుకుని, చేత్తో వర్గమూలాలు తీశాడు. పిల్లలు కాలిక్యులేటర్‌లో రెండు పై నొక్కితే వచ్చే సంఖ్య అదే.

రేడియన్ అనే పేరు మాత్రం చాలా కొత్తది. 1873లో బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ తయారుచేసిన పరీక్ష పేపర్లో అది మొదట అచ్చులో కనబడింది. పరీక్షలో పుట్టిన మాట కాబట్టే పరీక్షలో ఇంత సతాయిస్తోందేమో.

చాంద్ రాత్ లెక్క

ఇక మన ఇళ్లలో ఏటా బహస్ అయ్యే లెక్క. నక్షత్రాల మధ్య చాంద్ రోజుకు సగటున 13.18 డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది. సూరజ్ కూడా అదే దిక్కుకు రోజుకు 0.99 డిగ్రీలు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. తీసేస్తే 12.19. అంటే చాంద్ సూరజ్‌ను రోజుకు 12.19 డిగ్రీల చొప్పున దాటిపోతోంది. మళ్లీ కలవాలంటే 360 డిగ్రీలు పూర్తి కావాలి. 360ని 12.19తో భాగిస్తే 29.53 రోజులు. అందుకే నెల 29 గానీ 30 గానీ అవుతుంది. పన్నెండు నెలలకు 354.37 రోజులు. అందుకే రమ్జాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది. గడియారంలో రెండు ముళ్లు ఎప్పుడు కలుస్తాయన్న లెక్క కూడా ఇదే పద్ధతి.

అయితే 13.18 సగటు మాత్రమే. చాంద్ మనకు దగ్గరైనప్పుడు రోజుకు 15 డిగ్రీల దాకా పోతుంది, దూరమైనప్పుడు 12కు దిగుతుంది. సాబిత్ సూరజ్ గురించి చెప్పిన మాటే ఇది. కాబట్టి ఒక నెల 29వ సాయంత్రం చాంద్ సూరజ్ నుంచి బాగా జరిగిపోయి కనిపిస్తుంది. ఇంకో నెల అదే సాయంత్రం వెలుతురులోనే ఉండిపోతుంది. రూయత్-ఎ-హిలాల్ ఎలా తీర్మానించాలన్నది ఉలమా మైదానం, నాది కాదు. కానీ ఆ రాత్రి డాబా ఎక్కే పిల్లలకు తాము ఏ రఫ్తార్‌ను వెతుకుతున్నారో తెలిస్తే బాగుంటుంది.

బేగంపేట గడియారం

ఈ కథలో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండాలో రసద్‌గాహ్ పెట్టాడు. 15 అంగుళాల దూర్బీన్ తెప్పించాడు. ఆయన పోయాక నిజాం సర్కార్ దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి జాబితా వేయాలన్న అంతర్జాతీయ పనిలో ఒక భాగం ఈ రసద్‌గాహ్‌కు దక్కింది. లక్షలాది నక్షత్రాల స్థానాలు ఇక్కడ కొలిచారు.

నక్షత్రం ఫొటో నిమిషాల తరబడి తీయాలి. ఆలోపు జమీన్ తిరిగిపోతుంది, చుక్క గీత అయిపోతుంది. అందుకే దూర్బీన్‌ను గడియార యంత్రంతో పడమరకు తిప్పుతూ ఉండాలి. ఎంత వేగంతో? 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు. మనం పైన చేసిన లెక్కే.

1917లో దారుత్తర్జుమా మొదలైంది, మరుసటి ఏడు ఉస్మానియా. ఫిజిక్స్, రియాజీ, డాక్టరీ ఉర్దూలో చెప్పడానికి వేల ఇస్తిలాహాత్ తయారుచేశారు. 1948 తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది. ఆ మాటల్లో చాలా భాగం మూతపడ్డ బీరువాల్లో ఉండిపోయాయి. ఊళ్లలో ఉర్దూ మీడియం బడి నుంచి ఇంటర్‌కు వచ్చిన పిల్లలు మొదటి నెలలోనే వెనకబడటం నేను రిపోర్టింగ్‌లో చాలాసార్లు చూశాను. వాళ్లకు లెక్క రాక కాదు. పదో తరగతి దాకా దాయిరా, మర్కజ్, నిస్ఫ్ కుతర్ అని చదివినవాళ్లకు ఒక్కసారిగా వృత్తం, కేంద్రం, వ్యాసార్థం అనో, ఇంగ్లీషు మాటలో ఎదురవుతాయి. ఆ మధ్యలో వంతెన వేసేవాళ్లు ఉండరు. వాళ్లు మనకు సైన్స్ రాదనుకుని సీఈసీలోకి మారిపోతారు.

వంతెన వేయడం ఇంట్లో అయ్యే పనే. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. ఉర్దూ మాట, తెలుగు మాట, ఇంగ్లీషు మాట పక్కపక్కనే రాయించండి. తూసీ పర్షియన్‌లోనూ అరబీలోనూ రాశాడు. ఇస్‌హాక్ గ్రీకు చదివి అరబీలో పెట్టాడు. కియోనియాడిస్ దాన్ని మళ్లీ గ్రీకులోకి తీసుకెళ్లాడు. ఈ ఇల్మ్ మొదటి నుంచీ ఒక జబాన్ నుంచి ఇంకో జబాన్‌లోకి నడుస్తూనే వచ్చింది.

చివరగా ఒక సవాల్. మీ ఊరి రేఖాంశం ఫోన్‌లో చూసి, హైదరాబాద్‌తో జవాల్‌కు ఎన్ని నిమిషాల తేడా వస్తుందో మీ పిల్లలతో లెక్క వేయించి నాకు రాయండి. కర్నూలు, గుంటూరు, కడప, నిజామాబాద్, ఏ ఊరైనా సరే. నిజామియా రసద్‌గాహ్ కథ విడిగా రాస్తాను, ఇన్షా అల్లాహ్.